కాంతిని దాటి కబురు వెళ్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. మెకానిక్స్ చెప్తున్నా, కరెంటు చెప్తున్నా, ఏదో ఒక రోజు ఎవరో ఒకరు లేచి "సార్, కాంతి కంటే స్పీడ్‌గా ఏదీ వెళ్లలేదా?" అని అడుగుతారు. అడిగిన రోజు ఇక పాఠం సాగదు, నాకూ అదే ఇష్టం. ఇక్కడ రాసిన ప్రశ్నలన్నీ అలా క్లాసులో వచ్చినవే, కొన్ని మాత్రం ఆ పిల్లల నాన్నలు అడిగినవి.

ముందు ఒక్క ముక్కలో చెప్పండి. వెళ్లగలదా, లేదా?

లేదు. వస్తువు కానీ, శక్తి కానీ, కబురు కానీ శూన్యంలో కాంతి వెళ్లే వేగాన్ని దాటి ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరినట్టు ఇంతవరకు ఏ ప్రయోగంలోనూ నిలబడలేదు.

అయితే కాంతి కంటే వేగంగా కదిలేవి నిజంగానే కొన్ని ఉన్నాయి. నీడలు, లేజర్ చుక్కలు, మనకి దూరంగా జరిగిపోతున్న గెలాక్సీలు. గందరగోళమంతా వీటి దగ్గరే మొదలవుతుంది. అలాంటిది ఏది ఎదురైనా పిల్లల్ని ఒకే ప్రశ్న వేసుకోమంటాను: దీంతో ఇక్కడి నుంచి అక్కడికి కబురు పంపగలమా? పంపలేమంటే అది ఎంత వేగంగా కదిలినా ఎవరికీ ఇబ్బంది లేదు. పంపగలమంటే మాత్రం ఫిజిక్స్ మొత్తం మళ్లీ మొదటి పేజీ నుంచి రాసుకోవాలి.

అసలు ఆ వేగం ఎంత? మొదట ఎవరు పట్టుకున్నారు?

సెకనుకు 29,97,92,458 మీటర్లు, అంటే దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. ఈ అంకెలో దశాంశాలు ఉండవు, ఎందుకంటే 1983 నుంచి మీటరు అంటే ఎంతో చెప్పడానికే కాంతి వేగాన్ని వాడుతున్నారు. చంద్రుడి నుంచి మన దాకా కాంతి రావడానికి 1.3 సెకన్లు పడుతుంది, సూర్యుడి నుంచి అయితే 8 నిమిషాల 20 సెకన్లు.

కాంతికి ప్రయాణ సమయం అంటూ ఒకటి ఉందని మొదట గట్టిగా చూపించినవాడు ఓలే రోమర్, 1676లో, పారిస్‌లో. గురుగ్రహానికి అయో అని ఒక చందమామ ఉంది, అది నలభై రెండున్నర గంటలకి ఒకసారి గురుడి చుట్టూ తిరుగుతూ ప్రతిసారీ నీడలోకి వెళ్లి గ్రహణం పడుతుంది. భూమి గురుడికి దూరమవుతున్న నెలల్లో ఆ గ్రహణాలు లెక్క కంటే ఆలస్యంగా, దగ్గరవుతున్న నెలల్లో ముందుగా కనిపిస్తున్నాయని రోమర్ గమనించాడు. అయో తిరుగుడులో తేడా లేదు, దాని కబురు మన దాకా రావడానికి పట్టే టైంలోనే తేడా. ఇది నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు, ఎందుకంటే ఆయన దగ్గర ఉన్నవి ఒక దుర్భిణి, ఒక గడియారం, బోలెడంత ఓపిక.

భూమి మీదే కొలిచినవాడు ఫిజో, 1849లో. 720 పళ్లున్న చక్రాన్ని గిర్రున తిప్పుతూ, పళ్ల సందులోంచి కాంతిని ఎనిమిదిన్నర కిలోమీటర్ల అవతల ఉన్న అద్దానికి పంపాడు. అది తిరిగొచ్చేలోపు చక్రం కొంచెం తిరిగి పన్ను అడ్డం వస్తే వెలుగు ఆరిపోతుంది. ఆ తిరిగే వేగాన్ని బట్టి లెక్క కడితే సెకనుకు 3,13,000 కిలోమీటర్లు వచ్చింది. అసలు విలువకి నూటికి ఐదు కూడా తేడా లేదు.

సాయణాచార్యులు ఈ వేగాన్ని 14వ శతాబ్దంలోనే చెప్పారట కదా?

వాట్సాప్‌లో ఏటా తిరిగే మెసేజ్ ఇది. విజయనగరంలో బుక్కరాయల కాలంలో ఉన్న సాయణులు ఋగ్వేద భాష్యంలో, సూర్యుణ్ణి కీర్తించే మంత్రం దగ్గర, అర నిమేషంలో (నిమేషం అంటే రెప్పపాటు) 2,202 యోజనాలు సాగిపోయే నీకు నమస్కారం అనే శ్లోకాన్ని ఉదాహరించారు. అది నిజంగానే అక్కడ ఉంది.

చిక్కంతా యోజనం దగ్గర వస్తుంది. యోజనాన్ని పద్నాలుగున్నర కిలోమీటర్లు అనీ, నిమేషాన్ని సెకనులో ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ అనీ తీసుకుంటే లెక్క కాంతి వేగానికి దగ్గరగా తేలుతుంది. కానీ భూమి వ్యాసం 1,050 యోజనాలన్న ఆర్యభటుడి లెక్క ప్రకారం యోజనం 12 కిలోమీటర్లే, 1,600 అన్న సూర్య సిద్ధాంతం ప్రకారమైతే 8 కిలోమీటర్లే. అప్పుడు వేగం సెకనుకు రెండున్నర లక్షలకో, 1,65,000 కిలోమీటర్లకో పడిపోతుంది. పైగా ఆ శ్లోకం చెప్పేది సూర్యుడి గమనాన్ని, కొలిచిన పద్ధతి గురించి అందులో మాట లేదు. మన పాత గణితం మీద నాకు చాలా గౌరవం ఉంది. ఆర్యభటుడి గొప్పతనానికి ఈ లెక్క సర్దుబాటు ఏమీ అవసరం లేదు.

ఇంజను పవర్ పెంచుకుంటూ పోతే ఎప్పటికో ఒకప్పటికి దాటమా?

దాటం. నెట్టే కొద్దీ వేగం పెరగడం తగ్గిపోతుంది. మనం ఇచ్చే శక్తి ఎక్కడికీ పోదు, ఆ కణంలోనే ఉంటుంది, కానీ వేగంగా మాత్రం మారదు.

1964లో అమెరికాలో విలియం బెర్టోజ్జీ దీన్ని నేరుగా చూపించాడు. ఎలక్ట్రాన్లకి శక్తి పెంచుకుంటూ పోయి, అవి ఒక దూరం దాటడానికి ఎంత సమయం తీసుకుంటున్నాయో కొలిచాడు. న్యూటన్ లెక్కన అయితే అవి కాంతిని ఎప్పుడో దాటేయాలి. దాటలేదు, కాంతి వేగానికి కాస్త కింద ఆగిపోయాయి. అవి అవతల చివర లోహానికి గుద్దుకున్నప్పుడు పుట్టిన వేడిని కొలిస్తే, ఇచ్చిన శక్తి అంతా అందులో ఉందని తేలింది.

ఇంకా గట్టి ఉదాహరణ జెనీవా దగ్గర కణాల ప్రయోగశాల సెర్న్‌లో ఉంది. 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న ఆ పెద్ద యంత్రంలోకి ప్రోటాన్లు వచ్చేటప్పుడు ఒక్కో దాని శక్తి 450 జీఈవీ (కణాల శక్తిని కొలిచే యూనిట్). అప్పటికే వాటి వేగం కాంతి కంటే సెకనుకు 650 మీటర్లు మాత్రమే తక్కువ. అక్కడి నుంచి శక్తిని 15 రెట్లు పెంచి 6,800 జీఈవీ దాకా తీసుకెళ్తారు. అంత చేస్తే ఆ తేడా 3 మీటర్లకి తగ్గుతుంది, అంతే. మూడు మీటర్లంటే సెకనుకి ఒక సైకిల్ నెమ్మదిగా వెళ్లే దూరం. ఆ చివరి మూడు మీటర్లు దాటాలంటే ఈ విశ్వంలో ఉన్న శక్తి అంతా పోసినా చాలదు, ఎందుకంటే సమీకరణంలో అక్కడ అనంతం వస్తుంది.

మరి కాంతి ఎలా వెళ్తోంది? దానికి మాత్రం ఏంటి ప్రత్యేకత?

కాంతికి ద్రవ్యరాశి లేదు, అదొక్కటే కారణం. నిజానికి ఇది "కాంతి వేగం" కాదు, కారణం నుంచి ఫలితానికి కబురు చేరే గరిష్ఠ వేగం. ద్రవ్యరాశి లేని ఏదైనా ఆ వేగంతోనే వెళ్లాలి, తక్కువగా వెళ్లడం దానికి కుదరదు. మనం మొదట కాంతినే కొలిచాం కాబట్టి ఆ పేరు మిగిలిపోయింది. పేరు వేరే ఉండి ఉంటే ఈ ప్రశ్నల్లో సగం పుట్టేవి కావని నాకు అనిపిస్తుంది.

సరే, పొరపాటున ఏదైనా దాటిందే అనుకోండి. ఏమవుతుంది?

ఇదే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. కొంచెం నిదానంగా చదవండి, లెక్క చిన్నదే.

1905లో ఐన్‌స్టీన్ చెప్పినదాంట్లో అందరికీ ఇబ్బంది పెట్టే మాట ఒకటుంది: దూరంగా ఉన్న రెండు చోట్ల జరిగిన సంగతుల్లో ఏది ముందు, ఏది వెనక అన్నది చూసేవాళ్ల కదలికను బట్టి మారొచ్చు. అన్ని సంగతులకీ కాదు. ఒకదాని నుంచి ఇంకోదానికి కాంతి చేరేంత టైం ఉంటే ముందు వెనకలు ఎవరికీ మారవు, అమ్మ పుట్టాకే బిడ్డ పుడుతుంది. కాంతి కూడా చేరలేనంత దూరంలో, అంత దగ్గరి సమయాల్లో జరిగిన వాటికే ఈ తేడా వస్తుంది.

ఇప్పుడు కాంతికి 4 రెట్ల వేగంతో కబురు పంపే ఫోన్ ఉందనుకోండి. 4 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్రం దగ్గరికి మీరు ఒక కబురు పంపారు. మన లెక్కలో అది ఏడాదికి చేరింది. సరిగ్గా అప్పుడే ఒక వ్యోమనౌక, మన నుంచి దూరంగా కాంతి వేగంలో 60 శాతంతో వెళ్తూ ఆ నక్షత్రాన్ని దాటుతోంది. ఐన్‌స్టీన్ సూత్రంలో ఈ అంకెలు వేస్తే, ఆ నౌకలో ఉన్నవాళ్ల లెక్కలో కబురు అందడం అనేది మీరు పంపడం కంటే ఒకటిముప్పావు సంవత్సరం ముందు జరిగింది. మన లెక్క ఎంత నిజమో వాళ్ల లెక్కా అంతే నిజం, ఎవరిదీ తప్పు కాదు.

ఇంతవరకు విచిత్రమే తప్ప ప్రమాదం లేదు. ప్రమాదం వాళ్లు జవాబు ఇచ్చినప్పుడు వస్తుంది. వాళ్ల దగ్గరా అదే ఫోన్ ఉంది, వాళ్ల లెక్కలో అదీ కాంతికి 4 రెట్ల వేగంతోనే పనిచేస్తుంది. కబురు చూడగానే "అందింది" అని జవాబు కొట్టారు. ఆ జవాబు మీకు ఎప్పుడు చేరుతుందో లెక్క వేయండి. మీరు కబురు పంపడానికి దాదాపు 8 నెలల ముందు చేరుతుంది. ఆ జవాబు చదివి, సరే ఇక పంపను అని మీరు ఊరుకుంటే, ఆ జవాబు దేనికి వచ్చినట్టు?

కాంతిని దాటడం అంటే కాలంలో వెనక్కి కబురు పంపడమే అని ఫిజిక్స్ వాళ్లు అనేది ఇందుకే. ఏదో పెద్దవాళ్లు పెట్టిన రూలు కాబట్టి ఒప్పుకుంటున్నాం అనుకోవద్దు. ఆ ఫోన్ ఉంటే "ఇది జరిగింది కాబట్టి అది జరిగింది" అనే మాటకే అర్థం పోతుంది. ఈ లెక్కని బోర్డు మీద పూర్తిగా చేసిన రోజు క్లాసు మొత్తం నిశ్శబ్దమైపోతుంది, బెల్లు కొట్టినా లేవరు.

రెండు రాకెట్లు ఎదురెదురు దిక్కుల్లో చెరో ముప్పావు కాంతి వేగంతో వెళ్తే, ఒకదానికి ఇంకోటి ఒకటిన్నర రెట్లు కాదా?

మధ్యలో నిలబడి చూస్తున్న మీకు, వాటి మధ్య దూరం నిజంగానే ఒకటిన్నర రెట్ల వేగంతో పెరుగుతుంది. అందులో తప్పేం లేదు, అక్కడ ఏ ఒక్క వస్తువూ కాంతిని దాటడం లేదు. కానీ ఒక రాకెట్‌లో కూర్చుని రెండోదాన్ని చూస్తే అది కాంతి వేగంలో 96 శాతంతోనే వెళ్తుంది. ఆ స్థాయిలో వేగాల్ని మామూలు కూడికతో కలపకూడదు. బస్సులకీ రైళ్లకీ కూడా మామూలు కూడిక కొంచెం తప్పే, ఆ తప్పు ఎవరి కంటికీ ఆనదు.

పొడవాటి ఇనుప కడ్డీ ఈ చివర నెడితే ఆ చివర వెంటనే కదులుతుంది కదా?

కదలదు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా 275 కిలోమీటర్ల ఇనుప కడ్డీ వేశారనుకోండి. మీరు హైదరాబాద్‌లో నెట్టినప్పుడు మొదటి వరుస అణువులు రెండో వరుసని, అవి మూడో వరుసని నెట్టాలి, ఆ నెట్టుడు ఇనుములో శబ్దం వెళ్లే వేగంతో, అంటే సెకనుకు 5 కిలోమీటర్ల చొప్పున పాకుతుంది. విజయవాడలో ఉన్న మీ ఫ్రెండ్‌కి అది తెలియడానికి దాదాపు 55 సెకన్లు. అదే కాంతికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. ఎంత గట్టి కడ్డీ అయినా ఇంతే, పూర్తిగా బిగుసుకుని ఉండే వస్తువు ప్రకృతిలో లేదు.

చంద్రుడి మీద లేజర్ చుక్కని ఊపితే?

చుక్క కాంతి కంటే వేగంగా కదులుతుంది, అది నిజం. చంద్రుడు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, చేతిలో లేజర్‌ని సెకనులో నూట ఇరవయ్యో వంతులో అర డిగ్రీ తిప్పగలిగితే చుక్క 3,350 కిలోమీటర్లు జరుగుతుంది, అంటే సెకనుకు 4 లక్షల కిలోమీటర్లు. కానీ చుక్క అనేది ఒక వస్తువు కాదు. ఇక్కడ పడిన కాంతి వేరు, పక్కన పడిన కాంతి వేరు, రెండూ మీ చేతి నుంచి విడివిడిగా బయల్దేరినవే. చంద్రుడి ఎడమ అంచున ఉన్న మనిషి ఆ చుక్క ద్వారా కుడి అంచున ఉన్నవాడికి ఏమీ చెప్పలేడు. కబురు పరీక్షలో ఇది పోయింది. నీడలకీ ఇదే జవాబు.

2011లో న్యూట్రినోలు అనే అతి చిన్న కణాలు కాంతిని దాటాయని పేపర్లో వచ్చింది. అది ఏమైంది?

ఆ సెప్టెంబర్‌లో నాకు నిద్ర పట్టలేదు, ఇప్పటికీ గుర్తుంది. సెర్న్ నుంచి బయల్దేరిన న్యూట్రినోలు 730 కిలోమీటర్లు భూమి లోపలి నుంచే ప్రయాణించి ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద ఉన్న ఒపెరా అనే డిటెక్టర్‌కి చేరుతున్నాయి. కాంతికి పట్టే సమయం కంటే 60 నానోసెకన్లు ముందే వస్తున్నాయని వాళ్లకి తేలింది. 60 నానోసెకన్లంటే కాంతి 18 మీటర్లు వెళ్లే సమయం. మూడేళ్ల డేటా, 15 వేలకు పైగా న్యూట్రినోలు. నెలల తరబడి తప్పు వెతికి, దొరక్క, చివరికి 23వ తేదీన అందరి ముందూ పెట్టి "తప్పెక్కడుందో మీరూ చూడండి" అన్నారు.

అప్పుడే చాలామంది 1987 సంగతి గుర్తు చేశారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో మన పక్క గెలాక్సీ పెద్ద మాగెల్లాన్ మేఘంలో ఒక నక్షత్రం పేలింది, 1,68,000 కాంతి సంవత్సరాల దూరం. దాని న్యూట్రినోలు జపాన్, అమెరికా, రష్యా డిటెక్టర్లలో ఓ పాతిక దాకా దొరికాయి, వెలుగు కంటే సుమారు 3 గంటల ముందు. వేగంగా వచ్చినందుకు కాదు, ముందు బయల్దేరినందుకు: న్యూట్రినోలు నక్షత్రం పొట్టలోంచి నేరుగా బయటికి వచ్చేస్తాయి, వెలుగు మాత్రం పేలుడు తాకిడి పైపొరకి చేరేదాకా ఆగాలి. ఒపెరా చెప్పినంత తేడా నిజమే అయితే ఆ న్యూట్రినోలు 3 గంటలు కాదు, 4 ఏళ్లు ముందు రావాలి.

2012 ఫిబ్రవరికి అసలు విషయం బయటపడింది. జీపీఎస్ టైంని గడియారానికి తెచ్చే ఫైబర్ కేబుల్ కనెక్టర్ ఒకటి సరిగ్గా బిగించలేదు. గడియారంలో ఇంకో చిన్న లోపం కూడా దొరికింది. అదే కొండ కింద ఉన్న ఇకారస్ అనే వేరే ప్రయోగం మార్చిలో కొలిస్తే న్యూట్రినోలు కాంతితో పాటే వచ్చాయి. జూన్‌లో క్యోటో సమావేశంలో ఒపెరా వాళ్లు కూడా అదే ఒప్పుకున్నారు. నాయకత్వం వహించిన ఇద్దరు అప్పటికే తప్పుకున్నారు.

చాలామంది దీన్ని పరువు తక్కువ కథలా చెప్తారు, నాకు అది అస్సలు నచ్చదు. తమ లెక్క నమ్మశక్యంగా లేదని తెలిసీ దాచకుండా బయటపెట్టడం, తప్పు దొరికాక ఒప్పుకోవడం రెండూ చాలా ధైర్యం కావాల్సిన పనులు. నా క్లాసులో ప్రాక్టికల్ రీడింగ్ తేడా వస్తే పుస్తకంలో ఉన్న అంకె రాసేసే పిల్లలకి ఈ కథ తప్పకుండా చెప్తాను.

నీళ్లలో కాంతి నెమ్మదిస్తుంది కదా, అక్కడ దాన్ని దాటొచ్చా?

దాటొచ్చు! నీళ్లలో కాంతి సెకనుకు రెండుంబావు లక్షల కిలోమీటర్లే వెళ్తుంది. ఎలక్ట్రాన్‌ని అంతకంటే వేగంగా పంపడం కష్టమేమీ కాదు, హద్దు శూన్యంలోని వేగానికే కాబట్టి ఏ నియమమూ తప్పదు. పడవ తన అలల కంటే వేగంగా వెళ్తే ముందు వి ఆకారంలో అల లేచినట్టు, అక్కడ ఒక నీలం వెలుగు పుడుతుంది. 1934లో దాన్ని గుర్తించిన రష్యన్ శాస్త్రవేత్త చెరెంకోవ్‌కి 1958లో నోబెల్ వచ్చింది. నీళ్లలో మునిగి ఉండే అణు రియాక్టర్ల ఫొటోల్లో మీరు చూసే నీలం రంగు అదే.

ఇందులో మన హైదరాబాద్ చెయ్యి కూడా ఉంది. లడఖ్‌లోని హాన్లేలో, 4,300 మీటర్ల ఎత్తులో, మేస్ అనే 21 మీటర్ల టెలిస్కోపు 2024 అక్టోబర్‌లో ప్రారంభమైంది. దాన్ని తయారు చేసింది హైదరాబాద్ ఈసీఐఎల్. అంతరిక్షం నుంచి వచ్చే గామా కిరణం గాలిని తాకితే కణాల జల్లు పుడుతుంది, అవి గాలిలో కాంతిని దాటి పరుగెడుతూ కొన్ని నానోసెకన్ల పాటు నీలంగా మెరుస్తాయి. ఆ మెరుపుని పట్టడమే దాని పని. ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్‌లో బస్సు ఎక్కే పిల్లలకి ఈ సంగతి తెలియాలని నా కోరిక.

క్వాంటమ్ ఎంటాంగిల్‌మెంట్‌లో ముడిపడి ఉన్న రెండు కణాల్లో ఒకదాని సంగతి ఇంకోదానికి క్షణంలో తెలుస్తుందంటారే?

చెప్పుల జతని విడదీసి రెండు పార్శిళ్లలో ఒకటి గుంటూరుకి, ఇంకోటి డల్లాస్‌కి పంపారనుకోండి. గుంటూరులో తెరిచి ఎడమ చెప్పు చూడగానే డల్లాస్‌లో ఉన్నది కుడిదని తెలిసిపోతుంది. ఏ కబురూ సముద్రం దాటలేదు.

కణాల వ్యవహారం ఇంత సులువు కాదు. చెప్పు ఎడమదో కుడిదో డబ్బాలో పెట్టినప్పుడే తేలిపోయింది, కణాలకి అలా ముందే తేలి ఉండదని 1964లో జాన్ బెల్ చూపిన లెక్కా, తర్వాతి ప్రయోగాలూ చెప్తున్నాయి. ఆ ప్రయోగాలకే 2022లో ఆస్పే, క్లౌజర్, జైలింగర్‌లకి నోబెల్ ఇచ్చారు. కాబట్టి అక్కడ నిజంగా లోతైన వింత ఉంది, దాన్ని తేలిక చేయను. కానీ కబురు పంపడానికి మాత్రం అది పనికిరాదు. గుంటూరులో ఏ ఫలితం రావాలో మీరు ఎంచుకోలేరు, అది బొమ్మా బొరుసూ పడినట్టు వస్తుంది. డల్లాస్‌లో ఉన్నవాళ్లకీ ఒక బొమ్మా బొరుసుల వరుసే కనిపిస్తుంది. రెండు వరుసలు పక్కపక్కన పెడితేనే సంబంధం బయటపడుతుంది, పక్కపక్కన పెట్టాలంటే ఫోన్ చేయాలి. ఫోన్ కాంతిని దాటదు.

ఆ ఫోన్ మాట వచ్చింది కాబట్టి, అమెరికా కాల్‌లో ఆ చిన్న ఆలస్యం ఎప్పటికైనా పోతుందా?

పూర్తిగా పోదు. ఫైబర్ గాజులో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లే వెళ్తుంది. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి భూమి మీద అతి దగ్గరి దారి సుమారు 14,000 కిలోమీటర్లు, అంటే వెళ్లి రావడానికి తక్కువలో తక్కువ 140 మిల్లీసెకన్లు. కేబుళ్లు చుట్టు తిరిగి వెళ్తాయి కాబట్టి అసలు ఆలస్యం ఇంకా ఎక్కువే. షికాగో, న్యూయార్క్ మధ్య షేర్ల వ్యాపారం చేసే కంపెనీలు గాజులో పోయే ఆ కొన్ని మిల్లీసెకన్ల కోసమే ఫైబర్ వదిలి, గాలిలో వెళ్లే మైక్రోవేవ్ టవర్లు కట్టుకున్నాయి. మంగళయాన్ 2014 సెప్టెంబర్ 24న అంగారకుడి కక్ష్యలోకి వెళ్లినప్పుడు సిగ్నల్ రావడానికి 12 నిమిషాలు పట్టింది. అందుకే ఇంజను ఎప్పుడు మండించాలో, ఎప్పుడు ఆపాలో ముందే దాని మెమరీలో పెట్టి పంపారు. ఇక్కడివాళ్లు చూసి చెప్పే వీలే లేదు.

గెలాక్సీలు కాంతి కంటే వేగంగా దూరమవుతున్నాయి అంటే మరి?

నూనెలో పొంగుతున్న పూరీ మీద రెండు వాము గింజలు ఊహించుకోండి. గింజలు పూరీ మీద పాకడం లేదు, మధ్యలో పిండి సాగుతోంది. విశ్వం సాగడం కూడా అలాంటిదే. దూరం ఎంత ఎక్కువైతే అంత వేగంగా దూరమవుతాయి, సుమారు 1,400 కోట్ల కాంతి సంవత్సరాలు దాటిన గెలాక్సీలు కాంతిని మించిన వేగంతో మనకి దూరమవుతున్నాయి. అయినా ఏ గెలాక్సీ కూడా తన పక్కన వెళ్తున్న కాంతిని దాటడం లేదు. 1,380 కోట్ల ఏళ్ల వయసున్న విశ్వంలో మనకి కనిపించే హద్దు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఎలా ఉందో కూడా దీంతోనే అర్థమవుతుంది: కాంతి వస్తున్నంతసేపూ దాని వెనక దారి సాగిపోతూ ఉంది.

గురుత్వాకర్షణ?

అదీ కాంతి వేగమే. సూర్యుడు ఉన్నట్టుండి మాయమైతే భూమి 8 నిమిషాల 20 సెకన్ల పాటు ఏమీ తెలియనట్టు తిరుగుతూనే ఉంటుంది. 2017 ఆగస్టు 17న ఈ మాటకి రుజువు దొరికింది. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొంటే, గురుత్వ తరంగాలు వచ్చిన 1.7 సెకన్లకి గామా కిరణాలు వచ్చాయి. 13 కోట్ల ఏళ్ల పరుగులో తేడా రెండు సెకన్లు కూడా లేదు.

టాకియాన్లు, వార్ప్ డ్రైవ్?

కాంతి కంటే నెమ్మదిగా ఉన్నదాన్ని హద్దు దాటించలేం సరే, పుట్టుకతోనే హద్దు అవతల ఉండేవి ఉంటే? 1962లో ఈ ప్రశ్న గట్టిగా అడిగినవాళ్లలో ఒకరు కేరళలో పుట్టిన ఇ.సి.జి. సుదర్శన్. 1967లో జెరాల్డ్ ఫైన్‌బర్గ్ వాటికి టాకియాన్లు అని పేరు పెట్టాడు. శక్తి తగ్గేకొద్దీ వాటి వేగం పెరగాలి, ద్రవ్యరాశి కల్పిత సంఖ్య కావాలి. ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.

వార్ప్ డ్రైవ్ లెక్కని 1994లో మెక్సికోకి చెందిన ఆల్కుబియెర్రె రాశాడు. నౌక కదలకుండా దాని ముందున్న స్థలాన్ని కుదించి వెనక సాగదీయాలి. సమీకరణాలు ఒప్పుకుంటాయి, కానీ దానికి రుణాత్మక శక్తి భారీగా కావాలి, అంత పోగేసే దారి ఎవరికీ తెలియదు.

అన్నిటికంటే వేగమైనది మనసు కదా సార్?

యక్షుడు అడిగితే ధర్మరాజు ఇచ్చిన జవాబు అదే, గాలి కంటే వేగమైనది మనసు అని. ఆ మాట అందం వేరే. ఒళ్లు చెప్పే లెక్కలో మాత్రం మన నరాల్లో సంకేతం సెకనుకు 120 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అరుంధతిని తలుచుకున్నప్పుడు మనసు అక్కడికి వెళ్లదు, ఎప్పుడో అక్కడి నుంచి వచ్చిన వెలుగే మనలో జ్ఞాపకంగా ఉంటుంది.

అయితే మనిషి నక్షత్రాలకి వెళ్లడం అసాధ్యమేనా?

ఇక్కడ ఒక మంచి మాట ఉంది. నక్షత్రాన్ని చేరాలంటే కాంతిని దాటక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు. వేగంగా వెళ్లేవాళ్లకి కాలం నెమ్మదిస్తుంది, ఇది రోజూ మన తల మీదే జరుగుతోంది. దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తున గాలిలో పుట్టే మ్యూయాన్లు అనే కణాలు సగటున 2.2 మైక్రోసెకన్లే బతుకుతాయి, ఆ లెక్కన 660 మీటర్లు కూడా దాటకుండా చాలా భాగం రాలిపోవాలి. అయినా నేల దాకా వస్తున్నాయి, మన లెక్కలో వాటి గడియారం అంత నెమ్మదిగా నడుస్తోంది కాబట్టి.

సూర్యుడి తర్వాత మనకి అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా, 4.24 కాంతి సంవత్సరాలు. కాంతి వేగంలో 99 శాతంతో వెళ్తే ప్రయాణికుడికి 7 నెలలే గడుస్తాయి. అడ్డం వచ్చేది శక్తి. ఒక్క కిలో బరువుని ఆ వేగానికి తేవాలంటే 15 వేల కోట్ల యూనిట్ల కరెంటుకి సమానమైన శక్తి కావాలి. మనిషి చేసినవాటిలో అతి వేగమైన పార్కర్ సోలార్ ప్రోబ్ 2024 డిసెంబర్ 24న సూర్యుడి పక్క నుంచి దూసుకెళ్లినప్పుడు సెకనుకు 192 కిలోమీటర్లు అందుకుంది, కాంతి వేగంలో అది వెయ్యో వంతు కూడా కాదు.

ఆ శక్తి ఎప్పటికైనా దొరికిందే అనుకుందాం. ప్రాక్సిమా దాకా వెళ్లి వెంటనే వెనక్కి తిరిగిన తల్లికి మొత్తం ఏడాదీ రెండున్నర నెలలు గడుస్తుంది. ఆమె ఐదో తరగతిలో వదిలి వెళ్లిన కూతురు అప్పటికి ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో ఉంటుంది.